రోజాలో కంటిచుక్కలు

మా గల్లీలో నెలవంక ఎవరి కంటికైనా కనపడవచ్చు, కానీ ఇమాం పాషా చూశానంటేనే అది కనపడినట్టు లెక్క. ఇమాం పాషా అంటే మా ఆయనే. కాజీపేటలో ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ మా ఇంట్లో మాత్రం డ్రైవరే. మంచులోనూ వానలోనూ అంత దూరాన సిగ్నల్ ఎరుపో పచ్చో చెప్పిన కళ్లు అవి. రంజాను ఆఖరి రోజు సాయంత్రం అందరూ డాబాలెక్కి పడమటి వైపు మెడలు చాస్తుంటే, ఆయన తాపీగా వచ్చి ఒక్క చూపు చూసి "చాంద్ దిఖా" అనేవాడు. ఇక చూడండి, గల్లీ మొత్తం ఊగిపోయేది. పిల్లలు మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ దిగేవాళ్లు. నేను సేమియాలు వేయించడానికి వంటింట్లోకి ఉరికేదాన్ని.

అలాంటి మనిషికి రెండు కళ్లలోనూ శుక్లాలు కమ్మాయి. పోయిన ఏడు అందరి ముందూ డాబా మీద నిలబడి, సెల్ టవర్ మీది లైటును చూపించి "చాంద్ దిఖా" అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, నవ్వొచ్చింది నవ్వారు. ఈయన మాత్రం కిందికి దిగొచ్చి, పండుగ పూట కూడా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ నవ్వు ఆయన లోపల ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలుసు.

అందుకే ఈ రంజాను మొదలవగానే పట్టు పట్టాడు.

"ఈసారి చాంద్‌ను నా కన్నుతోనే చూస్త. ఆపరేషన్ చేయించుకుంట," అన్నాడు.

"పండుగ అయినంక చేయించుకోరాదుండ్రి. కన్ను ఏడికి పోతది?" అన్నాను.

"పండుగ అయినంక నాకు కన్నెందుకు?"

ఆయనతో మాట గెలవాలంటే రైల్వే బోర్డు దిగిరావాలి. సరేనన్నాను. ఎదురింటి లింగమ్మకు కూడా శుక్లమే ఉంది. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసిన మనిషి, కొడుకు కుమారస్వామి ఆటో నడుపుకుంటూ కాజీపేటకు తెచ్చుకున్నాడు. "అన్న చేయించుకుంటే నేను గూడ చేయించుకుంట, ఒక్కదాన్నయితే భయం," అంది. ఇద్దరినీ ఒకే ఆటోలో హన్మకొండ కంటి దవాఖానకు తీసుకుపోయాం. ఇద్దరికీ ఒకే పూట, కుడి కన్నుకే ఆపరేషన్ అయింది.

మర్నాడు పట్టీ విప్పారు. గోడ మీద అక్షరాలు మా ఆయన కింది వరస దాకా చదివేశాడు. డాక్టర్ భవాని మేడమ్ మెచ్చుకుంది. ఇక ఆటో ఎక్కింది మొదలు ఆ మనిషి నోరు మూస్తే ఒట్టు. నల్లద్దాలు కాస్త కిందికి జార్చి దారిలో ప్రతి దుకాణం బోర్డూ చదువుతున్నాడు. బట్టల షాపు, మందుల షాపు, కోచింగ్ సెంటర్, ట్యూషన్ చెప్పే సారు ఫోన్ నంబరు, ఏదీ వదల్లేదు. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కగానే నా వైపు తిరిగి ఆగిపోయాడు.

"మెహరూ, నీ నెత్తి గింత తెల్లగయిందా?"

"మీరు చూడక శానా రోజులయింది," అన్నాను. కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. ఆటోలో లింగమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలు ముఖ్యంగా రెండు. కంట్లోకి నీళ్లు పోకూడదు. చుక్కల మందు పగలంతా రెండు గంటలకోసారి పడాలి. రోజా, అంటే రంజాను ఉపవాసం, ఉండొచ్చా అని ఆయనే అడిగాడు. ఓపికుంటే ఉండండి, చుక్కలు మాత్రం తప్పకూడదు అందామె. ఆయన బుద్ధిగా తలూపాడు. నీళ్ల విషయంలో అయితే చెప్పనక్కర్లేదు, నమాజు ముందు మొహం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసేటప్పుడు కంటి దగ్గరికి తడి చెయ్యి కూడా రానివ్వలేదు. చుక్కలు నేను వేస్తానంటే మాత్రం వినలేదు.

"నా చేతులు పడిపోయినయా? నేనే ఏస్కుంట."

టైముకు సరిగ్గా సీసా పట్టుకుని నడిమింట్లోకి పోయేవాడు, కాసేపటికి దూదితో కన్ను కింద అద్దుకుంటూ బయటికొచ్చేవాడు. రైల్వే మనిషి గదా, టైమంటే టైమే అని మా కోడలు ఫర్జానాతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా కొడుకు మజర్ గూడ్సు గార్డు, డ్యూటీ మీద బల్లార్షా వైపు వెళ్లాడు. "నాయిన మంచిగున్నడు, ఫికర్ చేయకు," అని వాడికి రోజూ ఫోన్లో చెప్పేదాన్ని.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒక పొద్దున ఆయన మంచం దిగలేదు. నల్లద్దాలు తీయకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏమైందంటే ఎండకు తల నొస్తుందన్నాడు. పొద్దున్నే ఎండెక్కడిది? సరే, రోజా నీరసమేమో అనుకున్నాను. మధ్యాహ్నం నమాజే కాదు, సాయంత్రం నమాజు కూడా మసీదుకు పోకుండా ఇంట్లోనే చేసుకున్నాడు. నమాజు చేసుకునే చాప, జానమాజు, వెతుక్కుంటూ చేత్తో నేల తడమడం చూశాను. అది ఆయన ముందే పరిచి ఉంది.

సరిగ్గా అప్పుడే లింగమ్మ వచ్చింది, ఖాళీ సీసా ఊపుకుంటూ.

"అక్కా, నా మందు ఒడిసింది. కుమారస్వామిని పంపి ఇంకోటి తెప్పిస్తాన. అన్నది గూడ ఒడిసే ఉంటది గదా, రెండు తెమ్మంటనా?"

ఇద్దరికీ ఒకే రోజు ఇచ్చిన మందు అది. నేను అలమర తెరిచి ఆయన సీసా తీశాను. చేతికి బరువు తగిలింది. వెలుతురుకు పట్టి చూశాను. సగం కూడా ఖర్చు కాలేదు.

"ఇదేందక్కా, అన్నది నిండుగున్నది?" అంది లింగమ్మ.

నడిమింట్లోకి పోయి ఆయన మొహం మీది నల్లద్దాలు లాగేశాను. యా అల్లా, కన్ను అది కన్నులా లేదు. రెప్ప వాచి కిందికి వాలింది. తెల్లగుడ్డు ఎర్రటి మాంసం ముద్దలా ఉంది. మధ్యలో నల్లటి చోట తెల్లటి మబ్బు పట్టింది.

నాకు కోపమొస్తే 'మీరు' పోయి 'నువ్వు' వస్తుంది. "నువ్వు చుక్కలు ఏస్కుంటలేవు. నిజం చెప్పు."

"ఏస్కుంటాన. ఇఫ్తార్ అయినంక, సహెరీ దాకా."

"మరి పగలు?"

ఆయన నల్లద్దాల కోసం చెయ్యి చాచాడు.

"పగలు ఆ సీస పట్టుకోని లోపట ఏం చేసినవ్?"

"కూసున్న," అన్నాడు. మెల్లగా, చిన్నపిల్లాడిలా. "మొదటి రోజు ఏసుకుంటే గొంతులకు దిగింది మెహరూ. చేదుగ తెలిసింది. మందు గొంతుల దిగితే రోజా ఉంటదా? నా రోజా పోతదని ఆపిన. రాత్రి ఎక్కువ ఏస్కుంటే సరిపోతదనుకున్న."

"ఎవరినన్న అడిగినవా? డాక్టరమ్మను అడిగినవా, మౌల్సాబ్‌ను అడిగినవా?"

"అడిగితే ఏం చెప్తరో అని అడగలే."

విన్నారా? చుక్కలు వేసుకోమంటే రోజా పోతుంది, రోజా విడవమంటే మనసొప్పదు, అందుకని అసలు అడగనేలేదు. ఇంజన్ నడిపేటప్పుడు చిన్న అనుమానం వచ్చినా బండి ఆపి కంట్రోలుకు ఫోన్ చేసే మనిషి, తన కన్ను దగ్గరికొచ్చేసరికి ఎవరినీ అడగకుండా కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా నోటికి వచ్చిన మాటలు రోజాలో అనకూడనివి. అన్నాను. అల్లా మాఫ్ చేస్తాడు, పైనుంచి అంతా చూస్తూనే ఉన్నాడు గదా.

ఫర్జానా అప్పటికే దవాఖానకు ఫోన్ కలిపింది. ఎరుపు, వాపు, నొప్పి, చూపు తగ్గడం, నాలుగూ చెప్పింది. అవతల నుంచి భవాని మేడమ్ గొంతు నాకూ వినిపించింది. "ఇప్పుడే బయల్దేరండి. రేపు పొద్దున వస్తామనుకోవద్దు. ఇంట్లో దాచిన మందులేవీ పోయకండి. గంట గంటకూ కన్ను ఇంకా పాడవుతుంది."

కుమారస్వామి ఆటో గల్లీ మొదట్లో ఉంది. లింగమ్మ అరిచిన అరుపుకు అది మా గడప ముందుకు వచ్చింది. ఆయన్ని ఎక్కించి, నేనెక్కి, "పోనీ బిడ్డా," అన్నాను. అదేం నడపడమో, పిల్లాడు ఆటోను గాల్లోకి లేపాడు. కానీ ఇఫ్తార్ ముందు రంజాను రోడ్డు గదా. బ్రిడ్జి దగ్గర హలీం బట్టీల ముందు బండ్లు అడ్డదిడ్డంగా నిలిచి, అడుగు ముందుకు పడడం లేదు. కుమారస్వామి హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను ఆటోలోంచి సగం బయటికి వంగి, "జర జరగండ్రి, కన్ను పోతాంది, జర తొవ్వ ఇయ్యుండ్రి," అని కేకలు వేశాను. హలీం గంటె పట్టుకున్న ఒక పెద్దమనిషి, ఎవరో నాకు తెలియదు, రోడ్డు మీదికి ఉరికి బండ్లను తోసి తోసి దారి చేశాడు. ఆయన ఇల్లు చల్లగుండాలి.

దారి దొరికింది గానీ మా ఆయన మళ్లీ మొదలుపెట్టాడు.

"అక్కడ మందు పోస్తరు గదా. పొద్దుగూకి మగ్రిబ్ అయ్యేదాకా ఆగమను. ఇంక జరంత టైమే గదా."

మా మసీదు మౌల్సాబ్‌కు ఫోన్ కొట్టి, స్పీకర్ పెట్టి, ఫోన్ ఆయన మొహం ముందు పట్టాను. "మౌల్సాబ్, కంట్ల చుక్కలు ఏస్తే రోజా పోతదా?"

మౌల్సాబ్ వెంటనే చెప్పాడు. "పోదమ్మా. కండ్లల్ల మందు ఏస్తే రోజా విరగదు, గొంతుల రుచి తగిలినా విరగదు. మీ ఇంట్ల ఎవరికి?"

"మా ఇంటాయనకు. మందు ఏసుకోక కన్ను మీదికి తెచ్చుకున్నడు."

"ఇమాం పాషా భాయ్," మౌల్సాబ్ గొంతు మారింది, "బీమారున్నోనికి రోజా విడిచిపెట్టే సౌలత్ అల్లానే ఇచ్చిండు గదా. తర్వాత ఉండి తీర్చుకోవచ్చు. కన్ను పోతే ఎట్ల తీర్చుకుంటవ్? నన్ను ఒక్క మాట అడిగితే అయిపోతుండె గదా, నేను నీ ఇంటెనకాలనే ఉంట."

ఆయన తల దించుకున్నాడు. ఆ తర్వాత దవాఖాన దాకా నా చెయ్యి వదల్లేదు.

భవాని మేడమ్ తలుపు దగ్గరే ఎదురైంది. ఆయన ఎడమ కన్ను మూసి, వేళ్లు చూపించి ఎన్ని అంది. ఆయన చెప్పలేకపోయాడు. ఇంకా దగ్గరికి తెచ్చింది. చెప్పలేకపోయాడు. ముక్కు ముందు చెయ్యి ఆడించింది.

"ఏదో కదులుతాంది," అన్నాడు.

దారి పొడుగునా బోర్డులు చదివిన కన్ను అది.

ఆమె నన్ను పక్కకు పిలిచి ఏదీ దాచకుండా చెప్పింది. కన్ను లోపల చీము పట్టింది. ఆపరేషన్ చేసినవాళ్లలో ఏ కొద్దిమందికో ఇలా అవుతుంది, అన్నీ సరిగా చేసినా అవుతుంది, చుక్కలు మానేస్తే దానికి చేజేతులా దారి ఇచ్చినట్టే. ఇప్పుడే కన్ను లోపలికి మందు ఇంజక్షన్ ఇవ్వాలి. "ముందు కన్నును కాపాడుకుందాం అమ్మా. చూపు ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో, ఇవాళ నేను మాటివ్వలేను."

"ఇవ్వండి మేడమ్," అన్నాను. సంతకం పెట్టాను. ఆయన తనంతట తనే కుర్చీలో తల వెనక్కి వాల్చి, "పొయ్యుండ్రి," అన్నాడు. మొదటి చుక్క పడింది. బయట ఇంకా ఎండ ఉంది, మగ్రిబ్ కాలేదు.

ఆయన్ని లోపలికి తీసుకుపోయాక అజాన్ వినిపించింది. కుమారస్వామి ఎక్కడి నుంచో ఖర్జూరాలు, నీళ్ల సీసా తెచ్చాడు. "చాచీ, రోజా విడువు," అన్నాడు. ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను, మింగుడు పడలేదు. చంద్రుణ్ణి చూపించు అని దువా చేయలేదు నేను. దేవుడా, ఆయనకు గోడ కనపడితే చాలు, జానమాజు కనపడితే చాలు అని అడుక్కున్నాను.

అప్పటి నుంచి మా ఇంట్లో చుక్కల రాజ్యం నాది. సీసా నా కొంగులో ఉండేది. గంట గంటకూ వేయాలి. పగలు లింగమ్మ కూడా వచ్చి కూర్చునేది, నేను కునుకు తీస్తే లేపేది. ఆయన రోజాలు ఉండడం మానేశాడు. అయినా ఇఫ్తార్ వేళకు మాతోపాటు కింద పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, మేం నోట్లో పెట్టుకున్నాకే తనూ పెట్టుకునేవాడు. ఇంకోసారి దవాఖానకు వెళ్లి ఇంజక్షన్ తీసుకున్నాం. ఎరుపు తగ్గసాగింది. రెప్ప లేచింది. ఒక పొద్దున నా వేళ్లు లెక్కపెట్టాడు, తప్పు చెప్పాడు, మళ్లీ లెక్కపెట్టి సరిగ్గా చెప్పాడు. నేను వంటింట్లోకి పరుగెత్తి ఫర్జానాను కౌగిలించుకున్నాను. ఆ పిల్ల చేతిలో పిండి ఉంది, నా చీరంతా పిండయింది.

భవాని మేడమ్ కన్ను దక్కింది అంది. లోపలి మబ్బు మాత్రం మెల్లగా తేరుకోవాలి, తొందరపెట్టొద్దు అంది. తొందరపెట్టొద్దంటే చంద్రుడు ఆగుతాడా?

ఆ సాయంత్రం రానే వచ్చింది. గల్లీ గల్లీ డాబాల మీదే ఉంది. మజర్ డ్యూటీ దిగి వచ్చాడు. ఆయన నల్లద్దాలతో, నా భుజం పట్టుకుని మెట్లెక్కాడు. మొదట ఫర్జానాకే కనపడింది. "అత్తమ్మా, అగో, టవర్ ఎడమ దిక్కు," అంది. నాకూ కనపడింది, వెంట్రుకంత సన్నగా. చుట్టూ అందరూ చూపిస్తున్నారు, కానీ ఎవరూ గొంతెత్తి అనడం లేదు. అందరూ ఈయన వైపే చూస్తున్నారు. పోయిన ఏడు నవ్విన కుర్రాళ్లు కూడా.

ఆయన అద్దాలు తీశాడు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"లేదు. నాకు కనవడ్తలేదు," అన్నాడు.

"చాచా, అందరికీ కనవడ్డది గదా, నువ్వు ఒక్కసారి అను. నువ్వంటేనే మాకు పండుగ," అన్నాడు కుమారస్వామి ఎదురు డాబా నుంచి.

"కనవడంది కనవడ్డదని ఎట్లంట బిడ్డా? మజర్ చూసిండు, వాడంటడు."

మజర్ అన్నాడు. గల్లీ కేకలతో నిండిపోయింది. సీసా పట్టుకుని ఉత్తినే కూర్చుని నన్ను మోసం చేసిన మనిషి, ఇంతమంది ముందు ఒక్క అబద్ధమాడితే తల ఎత్తుకోగలిగేవాడు, ఆడలేదు. నాకు ఆయన మీద ఎంత గర్వమనిపించిందో అంత దుఃఖమూ వచ్చింది. సేమియాలు వేయిస్తూ మాడ్చేశాను.

పండుగ బాగానే జరిగింది. ఈద్గాకు వెళ్లొచ్చారు, సేమియా, పాలతో కాచిన షీర్‌ఖుర్మా గల్లీ అంతా తిరిగింది, లింగమ్మ ఇంటికి పెద్ద గిన్నె పోయింది. సాయంకాలానికి అందరూ తిని తిని పడ్డారు. పండుగనాటి చంద్రుణ్ణి ఎవడు చూస్తాడు? చూడాల్సింది ముందు రోజే గదా. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. ఆయన గాలికి డాబా మీదికి పోయాడు.

ఉన్నట్టుండి పైనుంచి కేక వచ్చింది. "మెహరూ, పైకి రా. జల్దీ రా."

పడ్డాడనుకున్నాను. మసి చేతులతో మెట్లెక్కాను. ఆయన నిలబడే ఉన్నాడు. ఎడమ కన్ను మూసుకుని, వేలు పడమటి వైపు చాచి ఉన్నాడు.

"చాంద్," అన్నాడు.

నిన్నటి కంటే కాస్త లావుగా, బాగా పైకి ఎక్కి ఉంది. నిజమే, ఆయన వేలు అటే ఉంది. కానీ నేను మోసపోయినదాన్ని గదా. మసి చేతులతోనే, కన్ను ఒత్తుకోకుండా దొప్పలా పట్టి, ఆయన రెండు కళ్లూ మూసి, గుండ్రంగా తిప్పాను. ఇంకోసారి తిప్పాను.

"ఏందక్కా, పండుగ పూట అన్నను గిరగిర తిప్పుతానవ్?" అని ఎదురు డాబా నుంచి లింగమ్మ అడిగింది.

"ఉండు చెల్లె," అన్నాను. కుడి కన్ను మీది నుంచి చెయ్యి తీశాను. "ఇప్పుడు చూపియ్యి."

ఆయన కాసేపు తడబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. అప్పుడు మెల్లగా వేలెత్తి సరిగ్గా దాని మీద పెట్టాడు. "అంచులు మసకగున్నయి. రెండు కొనలు మీదికున్నయి. అవునా, కాదా?"

"అవును," అన్నాను. "అవును, అవును."

ఆయన పిట్టగోడ దగ్గరికి పోయి, ఛాతీ నిండా గాలి పీల్చి, గల్లీ మొత్తానికి వినపడేటట్టు "చాంద్ దిఖా" అని అరిచాడు. తలుపులు తెరుచుకున్నాయి. నిద్రమొహాలతో జనం బయటికొచ్చారు. కుమారస్వామి కింద ఆటోలోంచి తల బయటపెట్టి, "చాచా, పండుగ అయిపాయె గదా, ఇప్పుడేం చాంద్?" అన్నాడు.

"మీ పండుగ అయిపోయింది," అన్నాడు ఆయన. మొహం నిండా నా చేతి మసి, ఆ మసి మీద నీళ్లు కారుతున్నాయి. "నాది రేపు. అందరూ మా ఇంటికి రావాలె."

ఎవరో నవ్వారు. నవ్వుతూ చప్పట్లు కొట్టారు. గల్లీ చివరి దాకా చప్పట్లు పోయాయి.

ఇంట్లో సేమియా లేదు, పాలు లేవు, చక్కెర డబ్బా అడుగంటింది. ఎవర్ని అడిగి పిలిచాడు ఇంతమందిని? అడగడం అనేది ఆయన జన్మలో నేర్చుకోడు. తిడదామని నోరు తెరిచాను, ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే మెట్లు దిగి, పాల కోసం కుమారస్వామిని కేకేశాను.